పూతకీ పూతకీ మధ్య

పెద్ద ఆఫీసరు గారి శాలువా చిరక్కపోతే ఈ కథ లేదు.

పొన్నలంక ఆసుపత్రిలో ఆయనకి సన్మానం చేసేరు. శాలువా కప్పేరు, నిమ్మకాయ చేతిలో పెట్టేరు. కాన్పుల గది చూపిస్తామని తీసుకెళ్ళేరు. లోపలికి వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. బయటికొచ్చేటప్పుడు తలుపుకి లేచిన పేడు ఒకటి శాలువాని పట్టుకుంది. ఆయన ముందుకి, శాలువా వెనక్కి. పర్రుమంది.

మామూలు మనిషైతే తలుపుని ఓ తిట్టు తిట్టి ఊరుకుంటాడు. ఆయన ఆఫీసరు. తిట్టలేదు. శాఖ పెట్టేరు. దాని పేరు ‘ఉపరితల నునుపు పర్యవేక్షణ విభాగం’. మండల కేంద్రంలో దానికో మేడ, మేడ వెనకాల రేకుల షెడ్డు, పదకొండు మంది సిబ్బంది. ఆ విభాగం పుట్టగానే చేసిన మొదటి పని ఆ తలుపు మీద కాగితం పుట్టించడం.

“ప్రభుత్వ ఆవరణల యందలి తలుపులకు రంగు వేయు సందర్భమున, పూతకు పూతకు మధ్య రాపిడి ప్రక్రియ విధిగా నిర్వహించవలెను. నిర్వహించినట్లు తగు ఆధారము సమర్పించవలెను.”

రంగులేసే తాతబ్బాయి ఆ కాగితం చదివించుకుని నవ్వేడు. అతను నవ్వడం ఏడాదికోసారి. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని చెయ్యమని కాగితమొచ్చింది మరి. పూత వెయ్యాలి, ఆరనివ్వాలి, ఉప్పుకాగితంతో పైపైన రుద్దాలి, తడిగుడ్డ పెట్టి తుడవాలి, మళ్ళీ పూత వెయ్యాలి. రుద్దకపోతే కింది పూతని పై పూత పట్టుకోదు, ఎండ తగలగానే అట్టలట్టలుగా లేచిపోతుంది. రంగుకైనా కాలు ఆనడానికి కాస్త గరుకు కావాలి. అంతకు మించి అందులో విద్య లేదు.

“బియ్యం కడిగి వండవలెను అన్నట్టుంది” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నర్సు సలోమి దగ్గరుండి తలుపు బందులు ఊడదీయించింది. తలుపుని షెడ్డుకి తీసుకెళ్ళి, విభాగం కళ్ళెదుటే రంగు వెయ్యాలని రూలు.

“ఎన్నాళ్ళు బాబాయ్?”

“నాలుగు రోజులమ్మా.”

“నాలుగంటే నాలుగే. ఈ గుమ్మానికి ఎదురుగా బస్సుల స్టాపు. తలుపు లేకపోతే అది కాన్పు కాదు, తోలుబొమ్మలాట.”

“ఆయ్” అన్నాడు తాతబ్బాయి. సలోమి చెప్పక్కర్లేదు. అతని కూతురు మంగతాయారు తొలికాన్పుకి పుట్టింటికొచ్చి వారమైంది. ఏడో నెల. ఏటికి ఇవతల ఉన్న ఆసుపత్రి అదొక్కటే, ఆ ఆసుపత్రిలో కాన్పుల గది అదొక్కటే, ఆ గదికి తలుపు అదొక్కటే.

మొదటి పూత వేసేడు. ఆరేక నార వెంట రుద్దేడు. కళ్ళు మూసుకుని వేలికొసలతో తడిమి చూసుకున్నాడు. బాగుంది. తడిగుడ్డతో తుడిచి కూర్చున్నాడు. వేదాద్రి గారు తనిఖీకి వచ్చేరు.

వేదాద్రి గారు ఆ విభాగానికి అధికారి. జన్మలో బ్రష్షు పట్టలేదు గానీ, నునుపు మీద పదిహేను రోజుల శిక్షణ పొందేరు. ఆయన వెనకాల ఉమాపతి అనే గుమస్తా, అతని చంకలో రిజిస్టరు.

“రాపిడి జరిగినదా?” అన్నారు వేదాద్రి గారు.

“ఆయ్.”

“ఎక్కడ?”

“తలుపంతానండి. చెయ్యేసి చూడండి.”

వేదాద్రి గారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. “చెయ్యి వ్యక్తిగతం. వ్యక్తిగత స్పర్శకు రికార్డు విలువ లేదు. రాపిడి జరిగిన యెడల ధూళి ఉత్పన్నం కావలెను. ధూళి ఏది?”

“తుడిచేసేనండి.”

“ఎందుకు తుడిచావు?”

“తుడవకపోతే మీది పూత పట్టదండి.”

వేదాద్రి గారు ఉమాపతి వైపు చూసేరు. ఉమాపతి రాసుకున్నాడు: ‘ఆధారమును తానే స్వయముగా నాశనం చేసినట్లు పనివాడు అంగీకరించెను.’

మళ్ళీ పూత. మళ్ళీ ఆరబెట్టడం. ఈసారి తాతబ్బాయి తలుపు కింద పాత పేపర్లు పరిచి, రాలిన పొడినంతా పొదుపుగా కూడదీసేడు. ఉమాపతి దాన్ని తక్కెడలో వేసి తూచేడు. నలభై గ్రాములు. గుడ్డమూటలో కట్టి లక్క సీలు వేసేరు. పని గడిచిందనుకుని తాతబ్బాయి పై పూతకి డబ్బా మూత తీసేడు.

“ఆగు. తక్కువ ఉంది” అన్నారు వేదాద్రి గారు.

“ఎంతుండాలండి?”

ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. ఆయన లోపలికెళ్ళి ఫోన్లు చేసొచ్చేరు. పక్క మండలంలో ఒక బడి తలుపు రెండు వందల గ్రాములు ఇచ్చిందట.

“రెండు వందలు” అన్నారు.

“అండీ, పూత మొత్తం గోకినా అంత రంగు ఉండదండి.”

“రంగు చాలని పక్షంలో కర్ర నుండి స్వీకరించవచ్చును. శాఖకు అభ్యంతరం లేదు.”

“అది తలుపండి.”

“కాదని ఎవరన్నారు?”

తాతబ్బాయి రుద్దేడు. రెండు వందల గ్రాములు రావాలంటే పూత పోయి, ప్రైమరు పోయి, కన్నాలు పూడ్చిన లప్పం పోయి, కర్ర తేలాలి. తేలింది. పూత పోయింది గనక మళ్ళీ పూత వెయ్యమన్నారు. పూత పడింది గనక మళ్ళీ రుద్దమన్నారు. తిరగలి తిరుగుతోంది గానీ పిండి మాత్రం ఆఫీసుకే పోతోంది.

నెల గడిచింది. ఓ సాయంత్రం సలోమి డ్యూటీ దిగి తిన్నగా తాతబ్బాయి ఇంటికొచ్చింది.

“నాలుగు రోజులన్నావ్ బాబాయ్.”

తాతబ్బాయి తల వంచుకున్నాడు.

“ఇవాళ లంకలోంచి ఓ పిల్లొచ్చింది కాన్పుకి. గుమ్మానికి దుప్పటి కట్టేం. ఏటిగాలికి దుప్పటి ఆగుద్దా? ఇద్దరు ఆయాలు చెరో కొసా పట్టుకున్నారు. ఇంతలో బస్సొచ్చి ఆగింది. నేను ‘ముక్కమ్మా, ముక్కు’ అంటుంటే బస్సులో వాళ్ళూ ముక్కమంటారేంటి? ఓ ముసలాయనైతే కిటికీలోంచి, అలా కాదమ్మా, ఊపిరి బిగబట్టు అని సలహా! ఆ పిల్ల సిగ్గుతో గోడ వైపు తిరిగిపోయింది.”

మంగతాయారు చేటలో బియ్యం ఏరుతూ విన్నది. చెయ్యి ఆగిపోయింది. సలోమి వెళ్ళేక తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

“నాన్నోయ్, వాళ్ళకి కావల్సింది పొడే గదా?”

“ఆయ్.”

“కర్రల అడితిలో రంపం కింద బస్తాలకి బస్తాలు పడుంది. ఓ టిఫినుడబ్బాడు పట్టుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టు.”

“తప్పు.”

“తప్పయితే నా కాన్పు బస్సు స్టాపులోనే పెట్టించు. చూసేవాళ్ళకి దూరం తగ్గుద్ది.”

తాతబ్బాయి జీవితంలో ఒక్క పూత ఎగ్గొట్టి ఎరగడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు అడితికి వెళ్ళేడు.

తక్కెడలో సరిగ్గా రెండు వందల గ్రాములు తూగింది. వేదాద్రి గారు ఆనందపడి అతని భుజం తట్టబోయి, స్పర్శ గుర్తొచ్చి మానుకున్నారు. మూట కట్టేరు, సీలు వేసేరు, జిల్లా ధూళి పరిశోధనశాలకి పంపేరు. అలాంటిదొకటి ఉందని తాతబ్బాయికి తెలీదు. ఆ మూట కోసమే దాన్ని పెట్టేరని ఉమాపతి తరవాత చెప్పేడు.

మూడు వారాలకి జవాబొచ్చింది. వేదాద్రి గారు నిలబడి చదివేరు.

“‘సమర్పిత ధూళిలో టేకు ముప్పది పాళ్ళు, మామిడి డెబ్బది పాళ్ళు. తలుపు టేకు.’ తాతబ్బాయీ, టేకు తలుపులోకి మామిడి ఎలా వచ్చినది?”

“తెచ్చేనండి.”

“అనగా పరధూళి.”

“పరధూళేనండి. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయండి. ఆ గదికి తలుపు లేదండి. అందుకండి.”

తాతబ్బాయి ఏకబిగిన అన్ని మాటలనడం అదే మొదలు. వేదాద్రి గారు చెడ్డవారు కారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నీ బాధ నాకు వ్యక్తిగతంగా అర్థమైంది. కానీ వ్యక్తిగతానికి...”

“రికార్డు విలువ లేదండి” అన్నాడు తాతబ్బాయి.

“గ్రహించావు” అన్నారు వేదాద్రి గారు, సంతోషంగా.

శిక్ష పడింది. ఇంతవరకు ఇచ్చిన ధూళి చెల్లదు. మొదటి పూత నుంచి మళ్ళీ మొదలు. పరధూళి మళ్ళీ దొర్లకుండా తలుపుని ముందే తూచి పెట్టుకోవాలి. తూచేరు. ముప్పై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. మంగతాయారుకి తొమ్మిదో నెల వచ్చింది.

సరిగ్గా అప్పుడే నునుపు పక్షోత్సవాలు వచ్చి పడ్డాయి. పెద్ద ఆఫీసరు గారి కొత్త ఆలోచన. ఏ మండలం ఎక్కువ ధూళి తీస్తే ఆ మండలం ఎక్కువ నునుపని అర్థం. ఎక్కువ నునుపు మండలానికి మొదటి స్థానం. షెడ్డు గోడ మీద ‘నేటి ధూళి, రేపటి నునుపు’ అని ఎర్రరంగుతో రాయించేరు. ఉమాపతి సుద్దతో గీసిచ్చిన అక్షరాల మీద రంగేసింది తాతబ్బాయే. ఆ గోడ గరుకుగా ఉందని ఎవరూ అనలేదు. గోడ ఇంకో శాఖది.

వేదాద్రి గారు రోజూ పొద్దున్నే బోర్డు చూసేవారు. మనం నాలుగో స్థానం. మూడో స్థానం. ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. ఓ రోజు లారీలో రుద్దే మిషను తెప్పించేరు. ఎలుగుబంటి గురక పెట్టినట్టు మోగుతుందది.

తాతబ్బాయి మిషనుని తలుపు మీద ఈకలా ఆనించేడు.

“నొక్కు” అన్నారు వేదాద్రి గారు.

“నొక్కితే దిగిపోద్దండి.”

“పక్క మండలం వాళ్ళు నొక్కుతున్నారు. వాళ్ళకి లేని భయం నీకెందుకు?”

నొక్కేడు. పూత వెయ్యడం, నొక్కడం. పూత వెయ్యడం, నొక్కడం. ఒక్కో మూట అరకిలో. సీలు, సంతకం, బీరువా. తలుపు అంచులు ముందు సబ్బుబిళ్ళలా గుండ్రబడ్డాయి. గడియ పట్టు దొరక్క ఊడి కిందపడింది. అది ఇనుము గనక నునుపు కిందకి రాదని ఉమాపతి రాసి పక్కన పెట్టేడు. వారానికి తలుపు అట్టముక్కైంది. పదో రోజుకి అప్పడమైంది.

“ఏవండీ” అన్నాడు తాతబ్బాయి మిషను ఆపి. “తలుపులోంచి మీ కుర్చీ కనపడతందండి.”

వేదాద్రి గారు వంగి చూసేరు. నిజమే. మసకగా కనపడుతోంది.

“శుభం. పాలనలో ఇంత పారదర్శకత ఇంతవరకు ఎవరూ సాధించలేదు” అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మిషను తిరుగుతూనే ఉంది గానీ దాని కింద తలుపు లేదు. తాతబ్బాయి మీట కట్టేడు. షెడ్డంతా నిశ్శబ్దం. పేపర్ల మీద ఆఖరి గుప్పెడు పొడి.

వేదాద్రి గారు వచ్చి ఖాళీ బల్ల చుట్టూ ఓసారి తిరిగేరు.

“ఉమాపతీ, తనిఖీ వ్రాసుకో.”

“తలుపు లేదు సార్.”

“నేనడిగింది అది కాదు. గరుకు ఉన్నదా?”

ఉమాపతి బల్ల మీద ఓసారి, కింద ఓసారి చూసేడు. “లేదు సార్.”

“పేడు ఉన్నదా?”

“లేదు సార్.”

“శాలువా చిరుగు అవకాశం?”

“సున్నా సార్.”

“వ్రాయి. నూటికి నూరు పాళ్ళు నునుపు.” ఆయన రిజిస్టరులోకి తొంగి చూసేరు. జిల్లాలో మొదటి స్థానం అప్పటికి ఎవరూ అంత నునుపుగా సంపాదించలేదు.

మూటలు లెక్కపెట్టి తూచేరు. అరవై రెండు మూటలు. ముప్పై ఒక్క కిలోలు. వేదాద్రి గారి కనుబొమలు ముడిపడ్డాయి.

“నాలుగు వందల గ్రాములు లోటు. ఏమైనది?”

తాతబ్బాయికి దగ్గొచ్చింది. షెడ్డు గుమ్మం పట్టుకుని చాలాసేపు దగ్గేడు. ఆ మిషను వచ్చిన దగ్గర్నుంచి వస్తున్న దగ్గే.

“నా గుండెల్లో ఉంటాదండి” అన్నాడు.

“ఏ గడిలో వ్రాయమంటారు సార్?” అన్నాడు ఉమాపతి.

వేదాద్రి గారు గడులన్నీ వేలితో వెతికేరు. “‘పనివాని అధీనంలో ఉన్నది’ అని వ్రాయి.”

తాతబ్బాయి మొహం తుడుచుకుని ముందుకొచ్చేడు. “పనైపోయింది గదండి. ఇక తలుపు ఇప్పించేయండి. మా అమ్మాయికి ఇవాళో రేపో.”

రూలు చూసేరు. పని పూర్తయిన వస్తువుని వెంటనే దాని సంస్థకి అప్పగించాలని ఉంది. అప్పగింత కాగితం తయారైంది: ‘తలుపు ఒకటి (మూటలు అరవై రెండు). ఇరువది నాలుగు గంటలలోగా యథాస్థానమున బిగించవలెను. సీళ్ళు చెదిరినచో శిక్షార్హులు.’ తాతబ్బాయి వేలిముద్ర వేసి, తలుపుని ఆటోలో ఎక్కించుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో మూటలు దింపుతుంటే సలోమి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

“ఏంటి బాబాయ్ ఇది?”

“తలుపమ్మా.”

“తలుపా? బిగించమన్నారా, ఉప్మా చేసుకోమన్నారా?”

తాతబ్బాయి జవాబు చెప్పేలోగా వీధిలోంచి రిక్షా వచ్చింది. అందులో మంగతాయారు. పక్కింటి ఆదిలక్ష్మి ఆమెని పొదివి పట్టుకుని ఉంది. తాతబ్బాయి పనికెళ్ళిన దగ్గర్నుంచి నొప్పులట. మంగతాయారు గుమ్మం వైపు చూసింది. దుప్పటి గాలికి జెండాలా ఎగురుతోంది. ఎదురుగా బస్సు స్టాపులో పదిమంది. వాళ్ళు అప్పుడే ఇటు తిరిగి సర్దుకుని నిలబడుతున్నారు.

“నాన్నా, నేను ఇందులోకి రాను” అంది. రిక్షా కమ్మీ పట్టుకుని వదల్లేదు. “ఇంటికి పోదాం. చస్తే ఇంట్లోనే చస్తాను.”

“అలా అనకూడదే పిల్లా” అంది సలోమి. “తొలికాన్పు. ఇంట్లో ఏదైనా తేడా వస్తే నేనేం చెయ్యగలను?”

తాతబ్బాయి కూతుర్ని చూసేడు. గుమ్మాన్ని చూసేడు. మూటల్ని చూసేడు. ఒక మూట చేత్తో ఎత్తి బరువు చూసేడు. గట్టి కేన్వాసు గుడ్డ, బిగించిన కుట్టు, నాలుగు మూలలా చెవులు.

“సలోమమ్మా, దబ్బనం ఉందా? గోనెసంచులు కుట్టేది.”

“ఎందుకు?”

“ఉందా లేదా?”

అతను గొంతు పెంచడం ఆవిడ అప్పుడే వినడం. పరుగున వెళ్ళి వంటగదిలోంచి దబ్బనం, పురికొస తెచ్చింది. తాతబ్బాయి వరండాలో చతికిలబడి మూటని మూటకి చెవులు కలిపి కుట్టడం మొదలెట్టేడు. ఆదిలక్ష్మి ఇంకో సూది తెచ్చి కూర్చుంది. జ్వరం చూపించుకోవడానికి వరసలో ఉన్న ఆడవాళ్ళు కూడా జరిగొచ్చి తలో వరసా పట్టుకున్నారు. తొలికాన్పు గనక టైముంది. మంగతాయారు వరండా అంచుకి ఆనించిన రిక్షాలోనే కూర్చుని, నొప్పి వచ్చినప్పుడల్లా తండ్రి వీపు మీద చెయ్యేసి పిడికిలి బిగించింది. ఆ పిడికిట్లో చొక్కా నలిగిన ప్రతిసారీ దబ్బనం ఇంకాస్త వేగంగా నడిచింది.

అడ్డంగా ఏడు, నిలువుగా తొమ్మిది. మూటలు అరవై రెండే. ఒకటి తక్కువొచ్చింది. ఆ ఖాళీలో తాతబ్బాయి తన తలగుడ్డ ఉండచుట్టి కుట్టేడు. వెదురు బొంగు ఒకటి దూర్చి గుమ్మానికి వేలాడదీసేడు. నలుగురు పట్టి ఎత్తేంత బరువు. ఏటిగాలి ఒక్క విసురు విసిరింది. తలుపు కదల్లేదు. కన్నం లేదు, సందు లేదు, చప్పుడు లేదు.

మంగతాయారు దాని వైపు చూసి, రిక్షా కమ్మీ వదిలింది. సలోమి ఓ పక్క ఎత్తి పట్టుకుంటే లోపలికి వెళ్ళింది. తలుపు వెనకాల దిగింది. బస్సొచ్చి ఆగింది. కిటికీల్లోంచి మెడలన్నీ సాగేయి. కనపడింది అరవై రెండు లక్క సీళ్ళు. మెడలు వెనక్కెళ్ళేయి.

గంట గడిచేక జీపొచ్చింది. వేదాద్రి గారు దిగేరు, వెనకాల ఉమాపతి. బిగింపు తనిఖీ ఇరవై నాలుగు గంటల్లో అయిపోవాలి మరి. ఆయన సరాసరి గుమ్మం దగ్గరికొచ్చి, ఓ పక్క ఎత్తబోయేరు.

“ఎవరయ్యా అది?” లోపల్నుంచి సలోమి గొంతు. “తలుపేసుంది, కనపట్లేదూ?”

వేదాద్రి గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తలుపు తీద్దామా అంటే ఆడవాళ్ళ గది. మూటలు విప్పించి చూద్దామా అంటే సీళ్ళు. సీలు చెదిరితే శిక్ష. శిక్ష వెయ్యాల్సింది ఆయనే, పడాల్సిందీ ఆయనకే. కొట్టి పిలుద్దామని పిడికిలి ఎత్తేరు. పిడికిలి మూటలో మెత్తగా దిగబడింది. చప్పుడు కాలేదు. ఇంకోసారి కొట్టేరు. కాలేదు.

“తాతబ్బాయీ” అన్నారు మెల్లిగా. “దీన్ని ఎలా కొట్టాలి?”

“కొట్టకూడదండి” అన్నాడు తాతబ్బాయి. అతను గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. “లోపల మా అమ్మాయుందండి.”

వేదాద్రి గారికి ఏం చెయ్యాలో తోచలేదు. శిక్షణలో ఇది చెప్పలేదు. బల్ల రెండో కొసన కూర్చున్నారు. ఉమాపతి రిజిస్టరు మూసేసి గోడకి ఆనుకున్నాడు. ముగ్గురూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

లోపల్నుంచి ఓ కేక. తరవాత నిశ్శబ్దం. తాతబ్బాయి రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు. ఆ తరవాత సన్నగా, కోపంగా, పసిబిడ్డ ఏడుపు. మూటల్లోంచి వడగట్టినట్టు వచ్చింది.

తాతబ్బాయి కళ్ళు మూసుకున్నాడు.

వేదాద్రి గారు అతని వైపు జరిగేరు. “ఆడా, మగా?” అన్నారు, ఆఫీసు గొంతు వదిలేసి.

“తలుపు తీస్తే గానీ తెలీదండి” అన్నాడు తాతబ్బాయి.